యుద్ధ క్షేత్రాల్లో దుస్తుల వ్యాపారం: నిష్క్రమణ భారం ఎవరిపై?

ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లా గీదం సమీపాన, హారం గ్రామంలో 2021 జనవరి 31న అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ఒక దుస్తుల కర్మాగారాన్ని ప్రారంభించారు. అక్కడ తయారయ్యే దుస్తులకు ‘దంతెవాడ నెక్స్ట్’ అనే అర్థంలో ‘డేనెక్స్’ అని పేరు పెట్టారు. ఆ మరునాడే మయన్మార్‌లో సైన్యం అధికారాన్ని హస్తగతం చేసుకుంది. ఈ రెండు ఘటనలకు పరస్పర సంబంధం ఏమీ లేదు. అయినా రెండు చోట్లా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. తుపాకులు మోగుతున్న చోట దుస్తుల వ్యాపారం నిలవాలా, తప్పుకోవాలా? తప్పుకుంటే నష్టం ఎవరు భరించాలి?

అమ్మకం వేరు, కుట్టుబడి వేరు

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై రష్యా దండెత్తిన తర్వాత ఈ ప్రశ్న ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. స్వీడన్‌కు చెందిన హెచ్ అండ్ ఎం మార్చి 2న రష్యాలో అమ్మకాలు ఆపివేసింది. ‘జారా’ దుకాణాల యజమాని, స్పెయిన్ సంస్థ ఇండిటెక్స్ మార్చి 5న 502 దుకాణాలకు తాళాలు వేసింది. దుస్తులు జీవితావసరమని, అందువల్ల తాము కొనసాగుతామని చెప్పిన జపాన్ సంస్థ యునిక్లో సైతం కొద్ది రోజులకే, మార్చి 10న, మనసు మార్చుకుంది. తర్వాత ఇండిటెక్స్ తన రష్యా వ్యాపారాన్ని యు.ఎ.ఇ.కి చెందిన దాహెర్ గ్రూపునకు అమ్మివేసింది. దుకాణం కంపెనీ ఆస్తి కనుక నష్టంలో అధిక భాగం కంపెనీ ఖాతాలోనే పడింది.

మయన్మార్ పరిస్థితి ఇందుకు భిన్నం. అక్కడ ఈ కంపెనీలు బట్టలు అమ్మేవి కావు, కుట్టించుకునేవి. ఫ్యాక్టరీ వేరొకరిది, కుట్టేది అత్యధికంగా మహిళలు. సైనిక పాలనలో కార్మిక హక్కులకు రక్షణ లేదని, కంపెనీలు వైదొలగాలని అంతర్జాతీయ కార్మిక సమాఖ్య ఇండస్ట్రియాల్ కోరింది. వెళ్లిపోతే ఆ మహిళలు వీధిన పడతారని మరికొందరు వాదించారు. చివరకు 2022 సెప్టెంబరులో ప్రైమార్క్, 2023లో ఇండిటెక్స్, హెచ్ అండ్ ఎం దశలవారీ నిష్క్రమణను ప్రకటించాయి. ఇటువంటి నిష్క్రమణలో కంపెనీ మూసేందుకు దుకాణం ఉండదు. ఆర్డర్లు ఆపితే చాలు. భారం మాత్రం కుట్టుమిషన్ ముందు కూర్చున్న మహిళపై పడుతుంది.

శ్రీలంక అనుభవం

యుద్ధం ఉన్నంత మాత్రాన కొనుగోలుదారులు వెళ్లిపోవాలన్న నియమం లేదు. 1983 నుంచి 2009 వరకు సాగిన అంతర్యుద్ధ కాలంలోనే శ్రీలంక దుస్తుల పరిశ్రమ ఆ దేశపు ప్రధాన పారిశ్రామిక ఎగుమతిగా ఎదిగింది. 1992లో అధ్యక్షుడు ప్రేమదాస గ్రామాల్లో 200 దుస్తుల కర్మాగారాల పథకాన్ని చేపట్టారు. ఫ్యాక్టరీల్లో ఎక్కువ భాగం యుద్ధరంగానికి దూరంగా ఉండడం, అప్పటి అంతర్జాతీయ కోటాల విధానం అనుకూలించడం ఇందుకు తోడ్పడ్డాయి. ఆ దేశంలో పెరిగిన బ్రాండిక్స్ సంస్థే తర్వాత అచ్యుతాపురంలో 1,000 ఎకరాల దుస్తుల నగరాన్ని నెలకొల్పి, వేలాదిమంది ఉత్తరాంధ్ర మహిళలకు ఉపాధి కల్పించింది. కాగా, మానవ హక్కుల కారణంగా యూరప్ దేశాలు శ్రీలంకకు సుంకాల రాయితీని రద్దు చేసింది యుద్ధం ముగిశాక, 2010లో కావడం గమనార్హం.

గీదం ముందున్న పరీక్ష

బస్తర్ సంఘర్షణను ప్రభుత్వం యుద్ధంగా గాక అంతర్గత భద్రతా సమస్యగానే పరిగణించింది. అయితే అక్కడి ప్రజలు చూసిన రక్తపాతం తక్కువేమీ కాదు. డేనెక్స్ మొదలైన రెండేళ్ల తర్వాత కూడా, 2023 ఏప్రిల్ 26న, అదే జిల్లాలోని అరన్‌పూర్ వద్ద మందుపాతర పేలి 10 మంది పోలీసులు, ఒక డ్రైవరు మృతి చెందారు. అటువంటి చోట హింసాబాధిత కుటుంబాల మహిళలకు, లొంగిపోయిన వారికి కుట్టుపనిలో తర్ఫీదు ఇవ్వడం సాహసమే.

ఇక్కడికి వచ్చింది విదేశీ కంపెనీ కాదు. జిల్లా యంత్రాంగం చొరవతో పుట్టిన కర్మాగారమిది. దాని బలమూ, బలహీనతా అదే. లాభనష్టాల లెక్క చూసే ప్రైవేటు సంస్థ అడుగు పెట్టని చోట ప్రభుత్వం పెట్టగలదు. కానీ సర్కారు ప్రాధాన్యం మారితే ఆర్డర్లూ మారవచ్చు. గీదం మీదుగా కొత్తవలస–కిరందుల్ రైలు మార్గం విశాఖ వైపు సాగుతున్నా, అది ప్రధానంగా బైలాడిలా ఇనుప ఖనిజం కోసం వేసినదే. రాయ్‌పూర్ 350 కిలోమీటర్లకు పైగా దూరం. గుడ్డ, దారం, మిషన్ విడిభాగాలు అంతదూరం నుంచి రావలసివస్తే తిరుప్పూరు ధరతో పోటీ పడడం సులభం కాదు.

పొరుగునే ఉన్న లోహండీగూడలో ఉక్కు కర్మాగారం ప్రతిపాదనను టాటా సంస్థ 2016లో విరమించుకుంది. 10 గ్రామాల రైతులకు 2019లో భూములు తిరిగి దక్కాయి. భూమినైతే తిరిగి ఇవ్వవచ్చు. ఆగిపోయిన జీతాన్ని, పని లేక మరుగునపడిన నైపుణ్యాన్ని ఎవరు తిరిగి ఇస్తారు?

2025లో మావోయిస్టు అగ్రనేత నంబాళ్ల కేశవరావు ఎదురుకాల్పుల్లో మరణించారు. అక్టోబరులో జగదల్‌పూర్‌లో 210 మంది ఒకేసారి ఆయుధాలు విడిచారు. సంఘర్షణ సడలుతున్న వేళ, దాని పేరిట వచ్చిన ప్రత్యేక శ్రద్ధ కూడా సడలే ప్రమాదం ఉంది. కనుక దీర్ఘకాలిక కొనుగోలు ఒప్పందాలు, ఆర్డర్లు తగ్గించేముందు తగిన గడువు, ఆ గడువులో వేతన భద్రత ఇప్పుడే అవసరం. యుద్ధకాలంలో రావడం సాహసం కావచ్చు. శాంతికాలంలో నిలబడితేనే అది ఉపాధి అవుతుంది.