తక్కువ మందు, ఎక్కువ గొప్పలు

అమెరికాలో పిస్తోలు తూటాలను ఇంట్లో తిరిగి నింపుకునేవారి మధ్య ఓ అరగంట కూర్చుంటే చాలు, ఒక మాట చెవిన పడి తీరుతుంది: తూటాకి ఏ మందు అన్నిటికంటే తక్కువ పడుతుందో అదే మంచి మందు. కొత్తగా ఈ పనిలోకి దిగినవాడు ఏ డబ్బా కొనాలని అడిగితే, తుపాకీ ఏది, గుండు బరువెంత, దేనికోసం కాలుస్తావు అని అడిగే నాథుడు ఉండడు. పౌనుకి ఇన్ని వేల తూటాలు అని లెక్క చేతిలో పెట్టి పంపిస్తారు. చెప్పినవాడు మేధావి, విన్నవాడు భక్తుడు.

ముందు ఆ లెక్క సంగతే చూడాలి. మందు తూచేది గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ 65 మిల్లీగ్రాములకు కాస్త తక్కువ, పౌనుకి 7000. తూటాకి 4 గ్రెయిన్లు పట్టే చురుకు మందు డబ్బాకి 1750 తూటాలిస్తుంది. ఐదున్నర పట్టేది 1270 చిల్లర ఇస్తుంది. డబ్బా 40 డాలర్లు అనుకుంటే తూటా దగ్గర మిగిలేది ఒక సెంటు కూడా కాదు. వెయ్యి తూటాలు నింపితే 9 డాలర్ల లోపు. గుండుకీ ప్రైమరుకీ పెట్టే ఖర్చు ముందు ఇది ఏ మూలకి? మందు దగ్గర పైసలు ఏరుకునే ఈ పెద్దమనిషే వారాంతంలో కొత్త తుపాకీకి ఎనిమిది వందల డాలర్లు పోసి వస్తాడు.

ఈ పిసినారితనం ఊరికే ముదరలేదు. 2013లో దుకాణాల అరలు ఖాళీ అయ్యాయి, 2020లో మళ్లీ అయ్యాయి. మందు దొరకని రోజుల్లో ఉన్నదాన్ని సాగదీసుకోవడం అర్థమవుతుంది. కరువులో తిన్న గంజిని పండగనాడు కూడా వడ్డించి, ఇదే అసలైన భోజనమంటేనే చిరాకు.

అసలు గొడవ తొడుగులో ఖాళీది. .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటా పుట్టింది పంతొమ్మిదో శతాబ్దం చివర, నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) కోసం. ఇరవై గ్రెయిన్లకు పైగా నల్ల తుపాకీమందు పట్టేలా ఆ ఇత్తడి తొడుగును చేశారు. నల్ల తుపాకీమందు కాలంలో తొడుగు నిండా దట్టించడమే పద్ధతి. నిండిన తొడుగులో రెండోసారి పోయడానికి చోటే ఉండదు కాబట్టి పొరపాటుకి తావు లేదు. ఇప్పుడు అదే తొడుగులో, టార్గెట్ తూటా కోసం, బుల్స్‌ఐ మందు మూడు గ్రెయిన్ల లోపు పోస్తున్నారు. అడుగున చిటికెడు. పొరపాటున రెండోసారి పోసినా అది అడుగునే ఉంటుంది. పైన గుండు హాయిగా కూర్చుంటుంది. చూసేవాడికి తేడా తెలియదు, తుపాకీకి తెలుస్తుంది. .38 స్పెషల్‌కి అమెరికా పరిశ్రమ సంస్థ సామీ విధించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 17,000 పౌన్లు. రెట్టింపు పోస్తే పీడనం రెట్టింపుతో ఆగుతుందనుకునేవాడు మందు గురించి ఏమీ చదవనివాడు. పీడనం పెరిగేకొద్దీ ఈ మందు ఇంకా వేగంగా మండుతుంది, ఆ మంట పీడనాన్ని మళ్లీ పెంచుతుంది.

1873 నాటి .45 కోల్ట్ సంగతి ఇంకా ఘోరం. నలభై గ్రెయిన్ల దాకా నల్ల తుపాకీమందు మింగిన ఆ తొడుగులో నేటి చురుకు మందు ఆరు గ్రెయిన్ల చుట్టూ పోస్తారు. అందులో రెండుసార్లు కాదు, మూడుసార్లు పోసినా పడుతుంది. చిన్న తొడుగైన 9 మిల్లీమీటర్‌లో అలా జరగదనుకుంటే, టైట్‌గ్రూప్ లాంటి చిక్కటి మందు రెట్టింపు మోతాదు అందులోనూ ఒదిగిపోతుంది. తొడుగులో మందు ముందుకు ఒరిగినా వెనక్కి ఒరిగినా ఫలితం మారదని టైట్‌గ్రూప్‌కి హాడ్జ్‌డన్ కంపెనీ ఇచ్చే కితాబు. నిజమే కావచ్చు. పోసే చెయ్యి తడబడినా మారదని మాత్రం ఆ కంపెనీ కూడా అనలేదు.

“తొడుగులోకి లైటు వేసి చూసుకుంటాం కదా” అంటారు. చూస్తారు, మొదటి వంద దాకా. ఆ తర్వాత ఫోన్ మోగుతుంది, పిల్లాడు వచ్చి ఏదో అడుగుతాడు. తూటాలు నింపే డిల్లాన్ 550 లాంటి ప్రెస్‌లో తొడుగులు నిలిపే పళ్లేన్ని ప్రతిసారీ చేత్తో తిప్పాలి. తిప్పానో లేదో అని ఒక్క క్షణం సందేహం వచ్చి పిడి మళ్లీ లాగితే అయిపోయినట్టే. ఇంట్లో నింపిన తూటాలు వాడితే వారంటీ చెల్లదని తుపాకీ కంపెనీలు చాలావరకు తమ పుస్తకాల్లో రాసుకోవడం ఊరికే కాదు.

చిన్న తొడుగుకి ఇంకో ప్రమాదం ఉంది. స్పియర్ కంపెనీ తన మాన్యువల్లో చెప్పిన ప్రయోగం ఇది: 9 మిల్లీమీటర్ తూటాలో మందు మార్చకుండా గుండును అంగుళంలో 30 వేయో వంతులు, అంటే ముప్పాతిక మిల్లీమీటరు, లోపలికి నొక్కితే పీడనం సీయూపీ అనే కొలతలో 28,000 నుంచి 62,000కు ఎగబాకింది. అంత ఇరుకు చోట అతి చురుకు మందు పోసి, పైగా పొదుపు చేశానని మురిసిపోవడం ఏం తెలివి?

ఇక గోడలకు అంటించుకునే బర్న్ రేట్ పట్టిక. చురుకైన మందు నుంచి నెమ్మదైన మందు దాకా వరసగా పేర్లుంటాయి, అంతే. మొదటి పేరుకీ రెండో పేరుకీ మధ్య దూరమెంతో ఉండదు. ఒక కంపెనీ పట్టికలో ముందున్నది మరో కంపెనీ పట్టికలో వెనక ఉంటుంది. అయినా జనం దాన్ని పంచాంగంలా చదివి, “దీని పక్కనే ఉంది కదా, అదే మోతాదు పోద్దాం” అని ముహూర్తం పెట్టేస్తారు. హాడ్జ్‌డన్ వాళ్ల హెచ్‌పీ-38, వించెస్టర్ 231 నిజంగానే ఒకటే మందు, రెండు డబ్బాల్లో వస్తుంది. హెచ్110, వించెస్టర్ 296 కూడా అంతే. ఈ రెండు జంటలు తెలియగానే లోకంలోని మందులన్నీ కవలలే అనుకునే జ్ఞానులు బయలుదేరారు. అదే హాడ్జ్‌డన్ ఒకప్పుడు క్లేస్, ఇంటర్నేషనల్ క్లేస్, యూనివర్సల్ క్లేస్ అని మూడు డబ్బాలు అమ్మింది. మూడూ మూడు వేర్వేరు మందులు, మోతాదులు వేరు. ఈ పేర్లు పెట్టిన పుణ్యాత్ములకు ఓ దండం.

పాత మందుల కథలు చెప్పి దబాయించేవాళ్లు మరో రకం. బుల్స్‌ఐ 1898లో లాఫ్లిన్ అండ్ రాండ్ చేతుల్లో పుట్టిందని, ఇన్నేళ్లు నిలిచిందంటే ఇక తిరుగులేదని వాదిస్తారు. ఆ వంశంలోనిదే యూనిక్, 1900 నాటిది, అదీ నిలిచింది. లాఫ్లిన్ అండ్ రాండ్ డ్యూపాంట్ గూటికి చేరింది. కోర్టు డ్యూపాంట్‌ని చీలిస్తే 1912లో హెర్క్యులిస్ పుట్టి ఈ మందుల్ని పట్టుకుపోయింది. ఇప్పుడు అవి అలయంట్ పేరు మీద వస్తున్నాయి. వయసే అర్హతైతే రెండేళ్ల తేడాలో యూనిక్‌ని ఎందుకు పక్కన పెట్టారు? అది తూటాకి కాస్త ఎక్కువ పడుతుంది కాబట్టి. మళ్లీ అదే పైసల గోల.

రేకుల్లా ఉండే యూనిక్ కొలపాత్రలోంచి సాఫీగా జారదని ఫిర్యాదు. నిజమే, సన్నటి గుండ్రటి బాల్ పౌడర్‌లా జారదు. తూటాకీ తూటాకీ గ్రెయిన్‌లో పదో వంతో రెండో అటూ ఇటూ అవుతుంది. దానికి తూటా పేలిపోదు.

నెమ్మది మందుల పిచ్చి ఉన్నవాళ్లు ఇది చదివి చంకలు గుద్దుకోనక్కర్లేదు. తుపాకీల రచయిత ఎల్మర్ కీత్ 2400 అనే మందుతో .44 స్పెషల్‌ని దట్టించి, ఆ పట్టుదలతోనే 1950ల మధ్యలో .44 మాగ్నమ్ పుట్టడానికి కారణమయ్యాడన్న కథ విని, ఆ రకం మందునే తేలిక తూటాల్లో సగం పోసేవాళ్లున్నారు. అలాంటి నెమ్మది మందే అయిన హెచ్110ని పుస్తకంలోని మోతాదుకి మూడు శాతం మించి తగ్గించవద్దని హాడ్జ్‌డన్ చెప్పింది. తగ్గిస్తే మందు సరిగా అంటుకోక తూటా తుస్సుమంటుంది, గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది. తర్వాతి తూటా కాల్చితే గొట్టం ఉబ్బుతుంది. ఇక్కడా రోగం ఒకటే, తొడుగులో ఖాళీ.

తక్కువ మందుతో తుపాకీ తక్కువ తంతుందని పోటీ షూటర్లు అంటారు. యూఎస్‌పీఎస్‌ఏ పోటీల్లో మైనర్ వర్గానికి గుండు బరువునీ వేగాన్నీ గుణించి వెయ్యితో భాగిస్తే 125 రావాలి, దాన్ని అందుకుంటూ మెత్తగా కాలాలని వాళ్లు ఫిన్లండ్ మందు వీటావూరి ఎన్320 కొంటారు. కొనుక్కోనివ్వండి. అది పొదుపు మందు కాదు, డబ్బా ధర చూస్తే తెలుస్తుంది. పోటీకి పనికొచ్చేదాన్ని చూపించి, నెలకి రెండుసార్లు కాల్చే గుమస్తాకి నీతులు చెప్పొద్దు.

మరి ఏ మందు కొనాలి? తొడుగుని వీలైనంత నింపేది. 9 మిల్లీమీటర్‌లో యూనిక్ రెట్టింపు పోస్తే తొడుగు పొంగి బల్ల మీద పడుతుంది, గుడ్డివాడికైనా తెలుస్తుంది. పెద్ద తొడుగుల్లో తేలిక తూటాల కోసం ట్రెయిల్ బాస్ అనే మందు వచ్చింది. చీమలకు వండిన చిల్లుగారెల్లాంటి పలుకులు, చోటంతా ఆక్రమించేవి. అది కొన్నేళ్లుగా దుకాణాల్లో కనబడటం లేదు. దాని బదులు ఏది అన్నది ఒక్కో తూటాకి ఒక్కో జవాబు, మాన్యువల్లో మోతాదు పట్టికల పక్కన కూర్చుని వెతుక్కోవాల్సిందే.

ఈసారి ఎవరైనా పౌనుకి ఇన్ని తూటాలని లెక్క చెప్పబోతే, కొత్తగా వచ్చినవారు ఆ మాట మధ్యలోనే ఆపి ఒకటి అడగాలి: మీరు చెప్పే మోతాదు రెండుసార్లు పోస్తే నా తొడుగు పొంగుతుందా, పొంగదా? పొంగదని జవాబొస్తే ఆ డబ్బా కొనకండి.