ఇల్మ్‌కు తాళం ఎందుకు?
మా బేటా పాత డెస్క్‌టాప్ బోర్డులో కోర్‌బూట్ ఎక్కించాడు. ర్యామ్ మార్చగానే తెర నల్లబడింది. "ఖరాబైంది అబ్బా" అన్నాడు.

"సబర్ చెయ్ బేటా" అన్నాను. ఒక్క స్టిక్కే ఉంచి, సీరియల్ లాగ్ చదివాం. ర్యామ్ తన సైజు, స్పీడ్ చెప్పుకునే ఎస్పీడీ చిప్ నుంచి జవాబ్ లేదు. కాంటాక్టులు తుడిచి పెడితే లేచింది.

1999లో లాస్ అలమోస్ ల్యాబ్‌లో లైనక్స్‌బయోస్‌గా పుట్టిన ఈ కోడ్ ఖుల్లాగా ఉంది కాబట్టే మర్జ్ దొరికింది. కొత్త ఇంటెల్ బోర్డుల్లో కోర్‌బూట్ ఉన్నా, ర్యామ్‌ను లేపేది కంపెనీ ఇచ్చే ఎఫ్‌ఎస్‌పీ బైనరీ. దాని లోపలి కోడ్ మనం చదవలేం.

హలాల్ కమాయీతో కొన్న మెషీన్‌ను మరమ్మతు చేసుకోవడం మన హక్కు. ఆ ఇల్మ్‌కు తాళం వేయడం ఇన్సాఫ్ కాదు.