దాదా వదిలివెళ్లిన తుపాకీ: ఇంటి జ్ఞాపకమా, ఇంటి మీదికి కేసా?

రెండో ప్రపంచ యుద్ధం నాటి రైఫిల్ ఒకటి కొనుక్కొచ్చి, నూనె రాసి, గోడకు తగిలించుకోవడం అమెరికాలో చాలామందికి ఉన్న సరదా. సైన్యం పక్కన పెట్టిన పాత తుపాకుల్ని అక్కడ మామూలు జనం కొనుక్కోవచ్చు. 1898లోనో అంతకుముందో తయారైన తుపాకుల్ని అక్కడి కేంద్ర చట్టం పురాతన వస్తువులుగానే చూస్తుంది. 50 ఏళ్లు దాటిన తుపాకులు సేకరించేవాళ్లకు వేరే లైసెన్సు కూడా ఉంది. ఈ సరదా మీద వచ్చే వీడియోలు ఇప్పుడు తిరుపతిలో, చిత్తూరులో, మదనపల్లెలో కుర్రాళ్ల ఫోన్లలోనూ తిరుగుతున్నాయి. 'మన ఇంట్లో కూడా దాదా కాలం నాటి తుపాకీ ఒకటి అటక మీద ఉంది కదా' అన్న మాట అక్కడే మొదలవుతుంది.

ఆ మాట దగ్గరే జాగ్రత్తపడాలి. అమెరికాలో సరదా అయినది ఇక్కడ కనీసం రెండేళ్ల జైలు. తుపాకీ రకాన్ని బట్టి అది ఏడేళ్లు కూడా కావచ్చు.

ఈ నేల మీద తుపాకులు ఎందుకున్నాయి?

చిత్తూరు ప్రాంతానికి ఆయుధం కొత్త కాదు. మైసూరు నవాబు హైదర్ అలీ 1782 డిసెంబర్ 7న కన్నుమూసింది చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో వేసుకున్న సైనిక విడిదిలోనే. గుర్రంకొండ కోట హైదర్ బావమరిది మీర్ రజా అలీ ఖాన్ చేతిలో ఉండేది. చిత్తూరు, చంద్రగిరి వైపు ఆర్కాటు నవాబుల పాలన సాగింది. గుర్రంకొండ, మదనపల్లె వైపు 1800లో నిజాం చేతి నుంచి, ఆర్కాటు నవాబు ప్రాంతాలు 1801లో కంపెనీ చేతికి వెళ్లిపోయాయి. ఆ తర్వాతి కొన్నేళ్లలోనే చిత్తూరు పాలెగాళ్లు తిరగబడ్డారు. కంపెనీ వాళ్లను అణిచివేసి, కోటలనూ ఆయుధాలనూ లాగేసుకుంది. నవాబుల దగ్గర, పాలెగాళ్ల దగ్గర కొలువు చేసిన సిపాయిల కుటుంబాలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. వాళ్లలో ముస్లింలూ ఉన్నారు, ఇతర కులాలవాళ్లూ ఉన్నారు.

నేలలో మిగిలిపోయిన ఆయుధాల సంగతి పక్క రాష్ట్రం చూపించింది. 2018లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో ఒక పాడుబడ్డ బావిని తవ్వితే, టిప్పు సుల్తాన్ కాలం నాటి ఇనుప గొట్టాల రాకెట్లు వెయ్యికి పైగా బయటపడ్డాయి. వాటిని పురావస్తు శాఖ తీసుకుంది, శాస్త్రవేత్తలు పరిశీలించారు. అవి చరిత్ర అయ్యాయి. అదే కాలం నాటిది ఏదైనా ఒక ఇంటి అటక మీద దొరికితే ముందుగా వచ్చేది పురావస్తు శాఖ కాదు, పోలీసు శాఖ. ఎందుకలా అన్నది చట్టంలో చూడాలి.

తెల్లవాళ్ల భయం, మన చట్టం

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్‌వాళ్లకు భారతీయుడి చేతిలో తుపాకీ అంటే వణుకు. వైస్రాయ్ లిట్టన్ హయాంలో 1878లో ఆయుధాల చట్టం తెచ్చారు. భారతీయులకు లైసెన్సు తప్పనిసరి, యూరోపియన్లకు మినహాయింపు. ఈ వివక్ష మీద జాతీయోద్యమం చాలాకాలం పోరాడింది. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును కూడా పౌరుల హక్కుల్లో చేర్చారు. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగంలో మాత్రం ఆ హక్కు చోటు చేసుకోలేదు. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కునే 19వ అధికరణ ఇచ్చింది. ఆ తర్వాత వచ్చిన 1959 ఆయుధాల చట్టమే ఇప్పటికీ నడుస్తోంది. అంటే మన దేశంలో తుపాకీ హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే అనుమతి.

ఇక సైన్యం వాడి పక్కనపెట్టిన రైఫిళ్ల సంగతి. మన దగ్గర దీనికి గుర్తు 'త్రీ నాట్ త్రీ'. రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ ఇండియా సిపాయి భుజాన ఉన్నది ఈ .303 లీ ఎన్‌ఫీల్డే. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో వీటిని పెద్ద సంఖ్యలో తయారు చేశారు. సైన్యం వదిలేశాక దశాబ్దాల పాటు పోలీసులు వాడారు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26న దానికి లాంఛనంగా వీడ్కోలు చెప్పారు.

అలా పక్కనపెట్టిన .303 ఏదీ సామాన్యుడి చేతికి రాదు. సైన్యం తూటా పట్టే రైఫిల్ 'నిషిద్ధ బోర్' కిందికి వస్తుంది. .303 అయినా, దాని తర్వాత వచ్చిన 7.62 అయినా అంతే. దొంగిలించిన సర్కారు తూటా ఇంట్లో తుపాకీలో పేలకూడదన్నది బ్రిటిష్‌వాళ్ల నాటి లెక్క. అందుకే మామూలు జనానికి .315 బోర్ రైఫిల్ వేరుగా వచ్చింది. ఇషాపూర్‌లోనే తయారైనా అందులో సైన్యం తూటా పట్టదు. విడ్డూరం ఏమిటంటే, 1960ల్లో ఇషాపూర్‌లో తయారైన 7.62 రైఫిళ్లు తర్వాతి కాలంలో అమెరికా మార్కెట్‌కు వెళ్లి, అక్కడ సేకరణదారుల ఇళ్లలో ఉన్నాయి. మన ఫ్యాక్టరీలో చేసిన తుపాకీని డల్లాస్‌లో ఒకాయన గోడకు పెట్టుకోవచ్చు. చిత్తూరులో పెట్టుకుంటే జైలే.

2019లో మారిందేమిటి?

అసలు ఒత్తిడి 2019 సవరణతో పెరిగింది. అప్పటిదాకా ఒక మనిషి పేరు మీద మూడు తుపాకులు ఉండొచ్చు. కేంద్రం మొదట ఒక్కటికే కుదించాలని బిల్లు పెట్టింది. వారసత్వంగా వచ్చినవి, క్రీడాకారుల అవసరాలు అంటూ అభ్యంతరాలు రావడంతో రెండు దగ్గర ఆగింది. 2019 డిసెంబర్ 14 నుంచి అది అమల్లోకి వచ్చింది. మూడోది ఉన్నవాళ్లు ఏడాదిలోగా పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ అప్పగించాలన్నారు. వారసత్వంగా వచ్చినా రెండు దాటకూడదని చట్టంలోనే రాశారు. అంటే తరాల నాటి తుపాకుల్ని సేకరించి ఒకచోట పెట్టుకోవాలనుకునే మనిషికి దారి దాదాపు మూసుకుపోయినట్టే. అదే సవరణ లైసెన్సు గడువును మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది.

శిక్షలు కూడా పెరిగాయి. లైసెన్సు లేకుండా మామూలు తుపాకీ ఉంచుకుంటే రెండు నుంచి ఐదేళ్లు. నిషిద్ధ బోర్ అయితే ఏడు నుంచి పద్నాలుగేళ్లు. లైసెన్సు లేకుండా తయారు చేసినా, అమ్మినా ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. పెళ్లిళ్లలో సంబరంగా, ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేలా గాల్లోకి కాల్చినా రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

'పాతది, తుప్పు పట్టింది కదా' అంటే సరిపోదా?

చాలా ఇళ్లలో వినిపించే మాట ఇదే. చట్టంలో నిజంగానే ఒక మినహాయింపు ఉంది. కాలం చెల్లిన నమూనా, పురాతన విలువ ఉన్నది, పాడైపోయినది అయితే 45వ సెక్షన్ వదిలేస్తుంది. కానీ షరతు గట్టిది. మరమ్మతు చేసినా, చేయకపోయినా అది తుపాకీగా పనిచేయకూడదు. గొట్టం బాగుండి ఒక స్ప్రింగు మాత్రమే విరిగితే మినహాయింపు లేదు. తుప్పు పట్టిందన్నంత మాత్రాన కూడా లేదు. అది పేలుతుందా లేదా అన్నది ఇంటివాళ్లు తేల్చుకునే విషయం కాదు. కేసు దాకా వెళ్తే ఫోరెన్సిక్ నిపుణుల నివేదికే కీలకం.

మందు కూరి కాల్చే పాత తుపాకీ అయినా అంతే. పోలీసుల భాషలో ఎస్‌బీఎంఎల్ అనే ఈ ఒంటి గొట్టం తుపాకీ నూరేళ్ల కిందటిదైనా నిప్పు పెడితే పేలుతుంది. శేషాచలం అంచు పల్లెల్లో అడవి పందుల నుంచి పంట కాపాడుకోవడానికని, వేటకని నాటు తుపాకులు ఉంచుకోవడం, పోలీసులు తనిఖీలు చేసి పట్టుకోవడం కొత్త సంగతి కాదు. చీకట్లో పంది అనుకుని కాలిస్తే మనిషికి తగిలే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. దానికి తోడు ఫ్యాక్షన్ కక్షల చరిత్ర ఉన్న రాయలసీమ ఇది. ఎన్నికలు వస్తే లైసెన్సు ఉన్నవాళ్లు కూడా తుపాకులు స్టేషన్‌లో జమ చేయాల్సిందే. ప్రభుత్వం గట్టిగా ఉండటానికి కారణం లేదనలేం.

అయితే అందరికీ ఒకే కొలత ఉందా అన్నది వేరే ప్రశ్న. పక్కనే కర్ణాటకలోని కొడగులో కొడవలకు, జమ్మా భూములున్నవాళ్లకు లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. బ్రిటిష్ కాలం నుంచి వస్తున్న ఈ వెసులుబాటును కేంద్రం 2029 దాకా పొడిగించింది. ఒక సమాజానికి తుపాకీ సంస్కృతి, సంప్రదాయం అని చట్టమే ఒప్పుకుంది. నవాబుల సిపాయిల వారసులకో, పాలెగాళ్ల వారసులకో అలాంటి గుర్తింపు లేదు. మినహాయింపు అడగడం సబబు కాకపోవచ్చు. కానీ భయం లేకుండా అప్పగించే దారి అడగడం సబబే.

ముస్లిం కుటుంబాలకు ఈ భయం మరికాస్త ఎక్కువే. అటక మీద తుప్పు తుపాకీ దొరికితే వార్త ఎలా రాస్తారన్నది ఇంటి యజమాని పేరును బట్టి మారే రోజులివి. కేసు చివరికి కొట్టేసినా, ఆలోపు పిల్లాడి పాస్‌పోర్టు, గల్ఫ్ ప్రయాణం, సర్కారు ఉద్యోగం పోలీసు విచారణ దగ్గర ఆగిపోవచ్చు.

ఇంట్లో ఉంటే ఏం చేయాలి?

మొదట లైసెన్సు పుస్తకం వెతకాలి. లైసెన్సు మనిషికి ఇచ్చేది, ఇంటికి కాదు. దాదా పోయిన రోజుతోనే ఆయన లైసెన్సు కింద ఆ తుపాకీ ఉంచుకునే హక్కు కూడా పోతుంది. 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోవాలి. జమ చేసినంత మాత్రాన తుపాకీ పోయినట్టు కాదు. వారసుడు లైసెన్సు తెచ్చుకుని విడిపించుకోవచ్చు, లేదా అర్హత ఉన్నవాళ్లకు అమ్ముకోవచ్చు. గడువులోగా ఎవరూ రాకపోతేనే అది సర్కారు పరమవుతుంది.

2016 ఆయుధాల నిబంధనల్లో వారసులకు ప్రత్యేక దారి ఉంది. లైసెన్సుదారు చనిపోయాక చట్టబద్ధ వారసుడు దరఖాస్తు చేసుకోవచ్చు. బతికి ఉండగానే కూడా, 70 ఏళ్లు నిండితే లేదా తుపాకీ తన దగ్గర 25 ఏళ్లు ఉంటే, ఆయనే ఒక వారసుడి పేరు సూచించవచ్చు. ఇంట్లో పెద్దాయన ఉన్నప్పుడే ఈ పని ముగించుకోవడం అన్నిటికన్నా సుఖం. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. దరఖాస్తు జిల్లా కలెక్టరేట్‌కు వెళ్తుంది, పోలీసు విచారణ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి, పాత చిత్తూరు జిల్లా లైసెన్సు ఉన్నవాళ్లు తమ ఫైలు ఇప్పుడు ఏ కలెక్టరేట్‌లో ఉందో ముందు కనుక్కోవాలి. జాతీయ డేటాబేస్‌లోకి ఎక్కి, యూఐఎన్ నంబర్ లేని పాత పుస్తకాలు చెల్లవు.

ఇక్కడే మన ఇళ్లలో ఒక చిక్కు వస్తుంది. మీరాస్‌లో కొడుకులతో పాటు కూతుళ్లకూ, భార్యకూ వాటా ఉంటుంది. తుపాకీని మాత్రం ముక్కలు చేసి పంచలేం, లైసెన్సు ఒక్కరికే. మిగతా వారసులు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. ఆ కాగితంలో తుపాకీ ఒక్కదాని ప్రస్తావనే ఉండాలి. ఆపా, బహెన్‌ల చేత ఖాళీ కాగితం మీద సంతకం చేయించుకుని, దాన్నే తర్వాత ఇంటి వాటా వదులుకున్నట్టు చూపించే పని తప్పు. సంతకం పెట్టే ఆడవాళ్లు కూడా చదివాకే పెట్టాలి. కూతురే లైసెన్సు అడిగినా చట్టం అడ్డు చెప్పదు.

చేయకూడనివి మూడున్నాయి. ఒకటి, పాత ఇనుప సామాన్లవాడికి అమ్మడం. రెండు, ఆన్‌లైన్‌లో ఫొటో పెట్టి బేరం చూడటం. మూడు, పనిచేస్తుందో లేదో అని ఊరవతల కాల్చి చూడటం. లైసెన్సుదారు సొంత తుపాకీ అమ్మాలన్నా రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. వందేళ్లు దాటిన వస్తువైతే 1972 పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది. దేశం దాటించడం కుదరదు. లైసెన్సు పుస్తకమే దొరకని ఇల్లు ముందు ఒక లాయర్‌ను కలిసి, రాతపూర్వకంగా అప్పగించడం మేలు.

సర్కారు చేయాల్సింది

అక్టోబర్ 21 పోలీసు అమరుల సంస్మరణ సందర్భంగా పోలీసులు ఓపెన్ హౌస్ పెట్టి బడిపిల్లలకు ఆయుధాలు చూపిస్తారు. పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని చూస్తారు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ముందూ అంతే. చూడాలన్న సరదాలో తప్పు లేదు. చంద్రగిరి రాజమహల్‌లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. రెండు జిల్లాల యంత్రాంగం ఏటా ఒక నెల గడువు పెట్టి, స్వచ్ఛందంగా పాత తుపాకీ తెచ్చినవాళ్ల మీద కేసు ఉండదని రాతలో చెప్పాలి. తెచ్చినవాటిలో చరిత్ర విలువ ఉన్నవాటిని పనిచేయకుండా చేసి, ఇచ్చిన కుటుంబం పేరుతో మ్యూజియంలో పెట్టాలి. ఇప్పుడున్న పద్ధతిలో భయపడినవాడు తుపాకీని బావిలో పడేస్తున్నాడు, లేదా తప్పుడు చేతులకు అమ్మేస్తున్నాడు. రెండింటిలోనూ నష్టపోయేది సమాజమే.

అలాంటి గడువు వచ్చేదాకా ఆగక్కర్లేదు. అటక మీద ఉన్నదేమిటో, దాని కాగితం ఎక్కడుందో ఈ వారంలోనే ఇంటి పెద్దల్ని అడిగి తెలుసుకోవచ్చు.