పెట్టెలోని పట్టు

కిమోనో జపాను దేశపు సంప్రదాయ వస్త్రం. సుమారు 12 మీటర్ల పొడవైన ఒకే సన్నని తానును తిన్నని గీతల్లో కత్తిరించి దానిని కుడతారు. వంపు కత్తిరింపులు లేనందున గుడ్డ దాదాపుగా వ్యర్థం కాదు. మాసినప్పుడు కుట్లు విప్పి, ముక్కలను మళ్లీ తానుగా కలిపి, ఉతికి ఆరబెట్టి, తిరిగి కుట్టుకునేవారు. తల్లి వస్త్రం కూతురి కొలతకు అలాగే అమరేది. దుబారాను నిరసించే ధర్మాన్ని అనుసరించే మనకు ఈ పొదుపు ముచ్చట గొలుపుతుంది.

మరి ఇంతటి వస్త్రం నిత్యజీవితం నుండి ఎందుకు తప్పుకుంది? 1868లో మొదలైన మెయిజీ యుగంలో పాశ్చాత్య దుస్తులు ప్రవేశించిన మాట నిజమే. అయినా 1920, 30 దశకాల్లో సైతం మెయిసెన్ అనే చవక పట్టు కిమోనోలను సామాన్య స్త్రీలు మక్కువతో ధరించారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత కిమోనో ఖరీదైన వేడుక వస్త్రంగా మారింది. ఏ ఋతువులో ఏ పువ్వుల అచ్చు, ఏ సందర్భానికి ఏ నడికట్టు అన్న నియమాలు బిగుసుకున్నాయి. కట్టుకోవడం నేర్పేందుకు పాఠశాలలే వెలిశాయి. తప్పు దొర్లుతుందేమోనన్న జంకు యువతులను దూరం చేసింది. అమ్మమ్మల పట్టు చెక్కపెట్టెల్లోనే ఉండిపోయింది.

ఇటీవలి దశాబ్దాల్లో ఆ పెట్టెలు తెరుచుకున్నాయి. పాత కిమోనోలమ్మే దుకాణాల్లోనూ, క్యోటో నగరంలోని తోజీ బౌద్ధాలయం వద్ద ప్రతి నెలా 21వ తేదీన జరిగే సంతలోనూ అవి కొత్తవాటికన్నా ఎంతో చవకగా దొరుకుతాయి. యువతులు వాటిని బూట్లతో, టోపీలతో కలిపి ధరిస్తున్నారు. వీధిలో వారిని ఆపి తప్పులెంచే పెద్దలూ లేకపోలేదు. అలాంటివారికి అక్కడి జనం పెట్టిన పేరు ‘కిమోనో పోలీసులు’. గమనించవలసిన సంగతి ఒకటుంది. బూట్లు తొడిగిన యువతి కూడా తన ఎడమవైపు అంచునే కుడి అంచు మీదికి తెచ్చుకుంటుంది. ఎందుకంటే అక్కడ మృతులకు మాత్రమే కుడి అంచును పైకి వేస్తారు. మారినవి హంగులే, మూలం చెదరలేదు.

ఆ బిరుదు తెలిసినప్పుడు మాకు మా మస్జిదు గుర్తుకు వచ్చింది. ఒకనాడు టోపీ లేకుండా నమాజుకు వచ్చిన బాలుణ్ణి అందరి ముందు మందలించాము. సతర్ కప్పుకోవడం నమాజుకు షరతు, టోపీ అదబ్. ఈ తేడాను విద్యార్థులకు బోధించేది మేమే. మరునాటి నుండి ఆ బాలుడు రాలేదు.

సులభం చేయండి, కష్టతరం చేయకండి అనీ, శుభవార్తలు వినిపించండి, ప్రజలను బెదరగొట్టకండి అనీ దైవప్రవక్త (స) ఆదేశించినట్లు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని ఈ హదీసును మేము ఎన్నోసార్లు పాఠంగా చెప్పాము. ఫర్జ్ విషయంలో సడలింపు లేదు, హరాం ఎప్పటికీ హరామే. కానీ అదబ్‌ను ఆప్యాయతతో నేర్పాలి. లేకుంటే బిడ్డలకు అందవలసిన ఆస్తి పెట్టెలోనే మిగిలిపోతుంది.

ఈ శుక్రవారం ఆ బాలుని ఇంటికి వెళ్లి పలకరించాలని సంకల్పించాము. అల్లాహ్ మా మాటకు మృదుత్వాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.