కొత్త సాలు ఎవరి జాగీరు?

"మీకు కూడా ఉగాది ఉంటుందా?"

ఈ ప్రశ్న వినకుండా పెద్దయిన తెలుగు ముస్లిం ఉండడు. అడిగేవాళ్ళలో చెడ్డవాళ్ళు తక్కువే. పక్కింటి అమ్మ, బళ్ళో పంతులు, ఆఫీసులో తోటి గుమాస్తా. ప్రేమగానే అడుగుతారు. ఎంత ప్రేమగా అడిగినా ఆ ప్రశ్నలో ఒక తీర్పు దాగి ఉంది: ఉగాది తెలుగువాళ్ళ పండుగ, నువ్వు వేరే. ఇంటికొస్తే ఇంకో గొంతు కాచుకుని ఉంటుంది. "ఉగాది పచ్చడి నోట్లో పెట్టుకున్నావా? తౌబా చేసుకో. అది వాళ్ళది. మన కొత్త సంవత్సరం మొహర్రం ఒకటో తారీఖు." ఒకరు మమ్మల్ని గడప బయట నిలబెట్టి తలుపేస్తారు. ఇంకొకరు లోపల కూర్చోబెట్టి గడియ పెడతారు. ఇద్దరూ మూసేది ఒకటే తలుపు.

మా వైపు పల్లెల్లో సాలు అంటే నాగలి గీసిన గీత. ఉర్దూలో సాల్ అంటే ఏడాది. రెండు మాటల పుట్టుక వేరే కావచ్చు, ఆ సంగతి భాషాశాస్త్రవేత్తలు చూసుకుంటారు. చేలో దిగినవాడికి మాత్రం రెండూ ఒక్కచోటే మొదలవుతాయి. చాలా ఊళ్ళలో పాలేరు జీతం ఉగాది నుంచి ఉగాదికి కుదిరేది. ఆ జీతానికి ఒప్పుకున్నవాళ్ళలో మాలలున్నారు, మాదిగలున్నారు, సాయిబులున్నారు, దూదేకులవాళ్ళున్నారు. ఉగాది బట్టల కోసం వారం రోజులు రాత్రంతా మిషను తొక్కిన దర్జీ ఎవరు? మామిడికాయలు, కొత్త బెల్లం తోపుడుబండి మీద పెట్టుకుని వీధి వీధి తిరిగినవాడెవరు? ఏడాది ఎక్కడ తెగి ఎక్కడ మొదలవుతుందో వాళ్ళకి ఏ శాస్త్రమూ చెప్పలేదు. అప్పు పద్దు చెప్పింది.

మౌల్వీ సాబ్, ముందు మీతో మాట్లాడాలి.

హిజ్రీ ఏడాదికి 354 రోజులు. సూర్యుడి లెక్కతో పోలిస్తే 11 రోజులు తక్కువ. రంజాను ఒకసారి మండుటెండలో, ఒకసారి చలిలో రావడం అందుకే. ఉపవాసానికి ఆ తిరుగుడు న్యాయమైనదే, ఏ దేశంవాళ్ళకీ ఎప్పుడూ ఎండే రాదు, ఎప్పుడూ చలే రాదు. పంటకు మాత్రం ఆ లెక్క పనికిరాదు. 33 పంటలు పండేలోగా 34 హిజ్రీ సంవత్సరాలు గడుస్తాయి. చాంద్రమానం ప్రకారం శిస్తు అడిగితే, పండని పంటకు కూడా రైతు కప్పం కట్టాలి. ఇది అక్బరు దర్బారుకు అర్థమైంది. 1584లో కొత్త ఇలాహీ శకం పెట్టినప్పుడు ఆ లెక్క కట్టినవాడు ఫతుల్లా షీరాజీ. ఇరాను నుంచి మొదట మన దక్కనుకే, బిజాపూరు ఆదిల్‌షాహీ కొలువుకే వచ్చిన పండితుడు. ఆ శకానికి ఏడాది మొదలు నౌరోజు. అంటే వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు.

శిస్తు కోసం వాడిన లెక్క పేరు ఫసలీ. ఫసల్ అంటే పంట. పేరులోనే అంతా ఉంది. షాజహాను కాలంలో అది దక్కనుకు వచ్చింది. ఔరంగజేబు నౌరోజు వేడుకలు మాన్పించాడు, ఇలాహీ శకం పక్కన పెట్టి హిజ్రీకి మళ్ళాడు. మతనిష్ఠ అని మీరు మెచ్చుకుంటారు. కానీ దక్కనులో శిస్తు పద్దులు ఫసలీలోనే నడిచాయి. నిష్ఠకు ఒక క్యాలెండరు, ఖజానాకు ఇంకో క్యాలెండరు! హైదరాబాదు రాజ్యంలో సర్కారు కాగితాల మీద నెలల పేర్లు చూడండి: ఆజర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఆర్దిబెహిష్త్. ఇస్లాం పుట్టకముందు అగ్నిని కొలిచిన పారశీకుల నెలలు. ఆ తేదీల కింద దస్తఖత్ చేసిన నవాబుల ఈమాన్‌ని ఏ ఫత్వా ప్రశ్నించింది? రాజు వాడితే రివాజు, పాలేరు వాడితే షిర్కా?

ఆ మాటకొస్తే హిజ్రీ శకం కూడా ఖలీఫా ఉమర్ కాలంలో, పాలన ఉత్తరాలకు తేదీ వేయడానికి ఖరారు చేసుకున్న లెక్కే. మొహర్రం ఒకటిన కొత్త బట్టలు కట్టుకుని సంబరం చేసుకునే ఆచారం మన పల్లెల్లో ఎన్నడూ లేదు. మాకు అది పీర్ల నెల. కర్బలా దుఃఖం. ఆ నెల పొడుపున "కొత్త సంవత్సర శుభాకాంక్షలు" అని గులాబీ బొమ్మలు పంపుకోవడం నిన్నమొన్న మొదలైంది. ఉగాదికి పోటీగా మాకూ ఒకటి ఉందని చూపించుకునే తొందర తప్ప దానికి వేరే అర్థం కనిపించదు.

ఇరానులో పాలన మత పెద్దలదే. 1979 తరవాత అక్కడ చాలా నిషేధించారు. నౌరోజును మాత్రం కదిలించలేకపోయారు. నేటికీ ఆ దేశపు అధికార సంవత్సరం మొదలయ్యేది నౌరోజు నాడే. లెక్కపెట్టేది హిజ్రత్ నుంచి, నడిచేది సూర్యుడి వెంట. మరి హిజ్రత్‌నూ వసంతాన్నీ ఒకే క్యాలెండరులో పెట్టుకున్న ఆ కోట్లమంది ముస్లింలు తక్కువ ముస్లింలా? నౌరోజుకు ముందు చివరి మంగళవారం రాత్రి వీధుల్లో మంట వేసి దూకుతారు. పండుగనాడు సీన్ అక్షరంతో మొదలయ్యే ఏడు వస్తువులు దస్తర్‌ఖాన్ మీద పరుస్తారు: మొలకెత్తిన గోధుమ నారు, గోధుమ మొలకలతో వండిన తీపి హల్వా, సెంజెద్ పండు, వెల్లుల్లి, ఆపిలు, పుల్లటి సుమాక్ పొడి, సిర్కా. తీపి ఉంది, పులుపు ఉంది, ఘాటు ఉంది. ఇది చదువుతుంటే మీకు మన పచ్చడి గిన్నె గుర్తు రాలేదా? ఆ ఏడింటి పక్కనే అద్దం, దీపం, చాలా ఇళ్ళల్లో ఖురాను, కొన్ని ఇళ్ళల్లో హాఫిజ్ దీవాను. పదమూడో రోజు ఇంట్లో ఉండకూడదని ఊరంతా పచ్చిక మీదికి పోతుంది, గోధుమ నారును పారే నీళ్ళలో వదులుతుంది.

అఫ్ఘానిస్తాన్‌లో మజారె షరీఫ్ దర్గా దగ్గర నౌరోజునాడు హజ్రత్ అలీ పేరిట జెండా ఎత్తేవారు. నలభై రోజులు నిలిపేవారు. మా పీర్ల చావిడి ముందు పుట్టి పెరిగినవాళ్ళకి ఆ జెండా ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. తాలిబాన్లు 1996 నుంచి 2001 దాకా తమ ఏలుబడిలో నౌరోజును నిషేధించారు. మళ్ళీ గద్దెనెక్కాక 2022లో సెలవు తీసేశారు. వాళ్ళ వాదన, మన ఊరి మౌల్వీగారి వాదన ఒకటే: అది మజూసుల పండుగ. నేలకు ముస్లిం నేల, మజూసు నేల అని ఉంటుందా? చెట్టు చిగురేస్తే దానికి కలిమా చదివిస్తారా?

ఇదంతా మతపిచ్చి సంగతే అనుకుని నవ్వుకుంటున్న లౌకిక మిత్రులకు టర్కీ ముచ్చట చెప్పాలి. అది ఎవరికన్నా ఎక్కువగా లౌకికమని చెప్పుకున్న రాజ్యం. అక్కడి కుర్దులకు ఈ పండుగ పేరు 'నెవ్రోజ్'. క్రూరుడైన రాజును కమ్మరి కావా సుత్తితో కొట్టి చంపి కొండమీద మంట పెట్టిన రోజని వాళ్ళ కథ. ఆ మంట రాజ్యానికి భయం పుట్టించింది. 1992లో పండుగ చేసుకుంటున్న జనం మీద కాల్పులు జరిగి డజన్లమంది చనిపోయారు. తరవాత రాజ్యమే తెలివి తెచ్చుకుని, ఇది అసలు తుర్కుల పండుగే అంటూ మంత్రులతో మంటలు దూకించింది. కానీ కుర్దులు ఆ పేరును డబ్ల్యుతో రాస్తారు. టర్కీ అక్షరమాలలో డబ్ల్యు లేదు. వి తో రాస్తే దేశభక్తి, డబ్ల్యుతో రాస్తే నేరం! ఆ అక్షరానికి అనుమతి ప్రకటించింది 2013లో. పండుగను నిషేధించడం ఒక పద్ధతి. దాన్ని కాజేసి, దాని అసలు హక్కుదారుల్నే అతిథుల్ని చేయడం ఇంకో పద్ధతి. మన ఉగాదికి ఈ రెండోది బాగా వర్తిస్తుంది, ఆ మాటకు వస్తాను.

అంతకంటే ముందు బంగ్లాదేశ్. ఎందుకంటే మా బాధకు అచ్చమైన అద్దం అక్కడుంది. వాళ్ళ ఏడాది వైశాఖంతో మొదలవుతుంది, పహెలా బైశాఖ్. బంగ్లా శకం అక్బరు కాలపు పంట లెక్క నుంచే వచ్చిందని చాలామంది చరిత్రకారుల మాట. మీరే లెక్క వేసి చూడండి. అక్బరు గద్దెనెక్కిన 1556, హిజ్రీ 963. అక్కడి నుంచి సూర్యుడి లెక్కన 2025 దాకా 469 ఏళ్ళు. కలిపితే 1432. 2025 ఏప్రిల్‌లో బెంగాలీలు అడుగుపెట్టిన సంవత్సరం సరిగ్గా అదే. ఆ రోజు దుకాణాల్లో పాత బాకీలు తీర్చి కొత్త ఎర్ర ఖాతాపుస్తకం తెరుస్తారు, హాల్‌ఖాతా అంటారు. తెరిచేవాడు సాహా అయినా మియా అయినా ఖాతాదారుకు మిఠాయి పెడతాడు.

పాకిస్తాన్ ఏలికలకు ఇది నచ్చలేదు. బెంగాలీతనం అంటే హిందూతనం అని వాళ్ళ అనుమానం. 1967లో రేడియోలో రవీంద్రుడి పాటలు ఆపాలని సర్కారు మాట వచ్చింది. ఆ ఏడాదే ఢాకా రమ్నా పార్కులో చెట్టుకింద, ఛాయానట్ అనే సంగీత సంస్థవాళ్ళు తెల్లవారుజామున పాటలతో కొత్త ఏడాదిని ఎదుర్కొన్నారు. పాడినవాళ్ళలో, విన్నవాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు. ఏటా పాడుతూ వచ్చారు. 2001 ఏప్రిల్ 14న అదే చెట్టుకింద, అదే పాటల మధ్య బాంబులు పేలాయి. 10 మంది చనిపోయారు. మరుసటి ఏడు మళ్ళీ అక్కడే పాడారు.

1989లో, సైనిక నియంత ఎర్షాద్ కాలంలో, ఢాకా చిత్రకళా విద్యార్థులు కాగితపు ఏనుగులూ పులులూ పట్టుకుని ఊరేగింపు తీశారు. తరవాత దానికి మంగళ శోభాయాత్ర అనే పేరు స్థిరపడింది. 2016లో యునెస్కో గుర్తించింది. 'మంగళ' అనేది హిందూ మాట అని అక్కడి ఛాందసులు ఏళ్ళ తరబడి గొడవపడ్డారు. 2025లో ఆ మాట తీసేసి వర్షవరణ ఆనంద శోభాయాత్ర అన్నారు. శుభం కలగాలని కోరడానికి కూడా ఒక మతం ఉంటుందట! ఇక్కడ మాకు శుభాకాంక్షలు చెప్పడానికి తటపటాయించేవాళ్ళు, అక్కడ శుభం అనే మాట చెరిపేసేవాళ్ళు ఒకర్నొకరు ద్వేషించుకుంటారు గానీ, చదివింది ఒక్క బడిలోనే.

ఇప్పుడు మన వాకిట్లోకి వద్దాం. పంతులుగారూ, మీరూ వినండి.

తెలుగువాళ్ళ ఉగాదిని మీరేం చేశారు? వేపపూత, మామిడికాయ, చింతపండు, కొత్త బెల్లం, ఉప్పు, కారం. వీటిలో ఏది బ్రాహ్మడి పెరట్లోనే కాస్తుంది? ఆరు రుచుల గిన్నెను పక్కకు జరిపి దానిమీద పంచాంగం పెట్టారు. ఏ ప్రభుత్వం వచ్చినా సర్కారు ఉగాది అంటే పంచాంగ శ్రవణమే. ముఖ్యమంత్రిగారు వేదిక మీద కూర్చుని రాశిఫలాలు వింటారు. ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత. ఖాసింకీ మస్తాన్‌బీకీ రాశి ఏమిటో ఆ పుస్తకంలో దొరకదు. ఫరవాలేదు. మా వాటాకు రాజపూజ్యం ఎంతో అవమానం ఎంతో పంచాంగం చూడకుండానే మాకు తెలుసు. పంచాంగం వినే హక్కు నమ్మేవాళ్ళకు ఉంది, వాళ్ళ గుళ్ళో, వాళ్ళ ఇళ్ళల్లో వినొచ్చు. మా శిస్తు కూడా కలిసిన ఖజానాతో, తెలుగుజాతి మొత్తం పేరిట ఎందుకు వినిపిస్తారు?

లౌకిక మిత్రులు వెంటనే దేవుని కడప గుర్తుచేస్తారు. నిజమే. ఏటా ఉగాదినాడు కడప ముస్లింలు ఆ వెంకటేశ్వరస్వామి గుడికి పోతారు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు కాబట్టి స్వామి తమకు అల్లుడంటారు. అల్లుడింటికి పండుగపూట పోవడంలో ఆశ్చర్యం ఏముంది? మరునాడు పత్రికల్లో బురఖాల ఫోటో వేసి 'మతసామరస్యం' అని శీర్షిక పెడతారు. ఏటా అదే ఫోటో, అదే శీర్షిక. రెడ్డిగారు గుడికి పోతే భక్తి, సాయిబు పోతే సామరస్యం. ఆ ముసలమ్మ అక్కడికి పోయింది మీకు సామరస్యం నేర్పడానికి కాదు, కూతురి పండుగకి. తన పండుగకి. మా మౌల్వీ దాన్ని షిర్క్ అంటాడు, మీరు దాన్ని వింత అంటారు. ఆమె పేరు మాత్రం ఇద్దరూ అడగరు.

కవి సమ్మేళనాల తీరూ అదే. ఉగాది వేదిక మీద పదిమందిలో ఒక సాయిబును లెక్కకు కూర్చోబెడతారు. మిగతావాళ్ళకు కోయిల, చిగురు, వసంతం ఇస్తారు. అతనికి 'జాతీయ సమైక్యత' ఇస్తారు. అతను అదే చదవాలి, చదివి చప్పట్లు కొట్టించుకుని పోవాలి. అతని ఇంటి ముందు కూడా వేపచెట్టుందని ఎవరికీ తట్టదు.

2009లో నౌరోజును మానవజాతి వారసత్వంగా గుర్తించమని యునెస్కోకు అర్జీ పెట్టిన దేశాల్లో మన దేశమూ ఉంది. ఇరాను, అజర్‌బైజాన్, పాకిస్తాన్, టర్కీల పక్కన భారతదేశం దస్తఖత్. పార్సీల ఇళ్ళల్లో, హైదరాబాదు పాతనగరం షియా ఇళ్ళల్లో ఆ పండుగ నడుస్తూనే ఉంది. అంటే ప్రపంచం ముందు వసంతానికి మతం లేదని మన ప్రభుత్వమే ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు కడపకూ కరీంనగరుకూ ఎందుకు చేరలేదు?

ఇంకో చిన్న మాట. తహశీలు ఆఫీసుకు పోయి మీ పొలం అడంగల్ తీయించండి, తెలంగాణలో అయితే పహాణీ. పై వరుసలో ఫసలీ సంవత్సరం ఉంటుంది. 2025 జులైలో మొదలైంది 1435. షాజహాను మనుషులు తెచ్చిన లెక్క, పంట పేరు పెట్టుకున్న లెక్క. శాస్త్రిగారి పొలానికీ అదే, సాయిబు పొలానికీ అదే. దాన్ని మార్చమని ఏ సంఘమూ ధర్నా చేయలేదు, నిషేధించమని ఏ మౌల్వీ ఫత్వా ఇవ్వలేదు. పొలం కాగితం దగ్గర ఎవరికీ మతం గుర్తు రాదు.

మౌల్వీ సాబ్, ఈ ఉగాదికి మా ఇంట్లో పచ్చడి చేస్తాం. బిస్మిల్లా అని తింటాం. మీరొస్తే మీకూ ఒక గిన్నె పెడతాం. ఇక కవి సమ్మేళనం పెట్టేవాళ్ళకు: మా కవిని పిలవదలుచుకుంటే పిలవండి. సమైక్యత మీద చదవమని చీటీ పంపకండి. వేపపూత మీద చదువుతాడు, దర్జీ మిషను మీద చదువుతాడు, ఉగాదికి తీరాల్సి తీరని తన అప్పు మీద చదువుతాడు.