మస్టరు ఎవరు చదవాలి?

గ్రామాలకు అధికారాలిచ్చామని పాలకులు చాటబట్టి ముప్పై ఏళ్లు దాటింది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలుకొచ్చింది. పదకొండవ షెడ్యూలులో 29 విషయాలు రాశారు. వాటిలో ఏది ఎంత ఇవ్వాలన్నది మాత్రం రాష్ట్ర ప్రభుత్వాల ఇష్టానికే వదిలేశారు. నిధుల తాళం రాజధానిలోనే ఉండిపోయింది.

సరే, వచ్చిన ఆ కాస్త డబ్బుకైనా లెక్క అడిగేదెవరు? గ్రామసభ అంటారు. కూలిజనం చేలో ఉన్నవేళ నలుగురు పెద్దమనుషులు కూచుంటే అదే గ్రామసభ! వేలిముద్రల పుస్తకం మర్నాడు ఇంటింటికీ తిరుగుతుంది.

2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షను తనిఖీ హక్కును గ్రామసభకిచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుండి సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లలే మస్టర్లు పట్టుకుని గడపగడపకూ వెళ్లారు. "ఆరు రోజులు చేసినట్టు రాశారు, నిజమేనా అక్కా?" అని అడిగారు. చనిపోయినవాళ్లు మట్టి తవ్వినట్టు, వలసపోయినవాళ్లు కూలి తీసుకున్నట్టు బయటపడింది. మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి, అధికారుల ఎదుటే చదివి వినిపించారు.

దొంగ దొరికాడు గాని సొమ్ము తిరిగి రాలేదు. తేలినదాంట్లో వసూలైంది స్వల్పం. వేటు ఎక్కువగా ఫీల్డు అసిస్టెంటు మీదే పడింది. బిల్లు పాసుచేసిన పైవాళ్లు తరచు తప్పించుకున్నారు. తనిఖీ కింద, శిక్షించే అధికారం పైన. లొసుగంతా ఇక్కడుంది.

2025 డిసెంబరులో కేంద్రం ఆ చట్టం స్థానే కొత్తది తెచ్చింది. 125 రోజుల పని అంటూనే ఖర్చులో నూటికి 40 పాళ్లు మన రాష్ట్రాల నెత్తిన పెట్టింది. దానిపై పోరు ఎలాగూ తప్పదు. దాంతోపాటే మస్టరు పంచాయతీ అరుగు మీద అందరి ముందూ చదవాలనీ, తిన్న సొమ్ము ఎంత కక్కించారో వచ్చే గ్రామసభలోనే చెప్పాలనీ కూలిసంఘాలు ఇప్పుడే పట్టుబట్టాలి.