ఎలుగుబంటి యెదుట ఏ యాయుధము?

అమెరికాలో స్థిరపడిన మన బిడ్డలు సెలవులలో అలాస్కా యడవులకును, యెల్లోస్టోన్ వనమునకును పోవుట కలదు. అట్టి ప్రయాణమునకు ముందు “ఎలుగుబంటి యెదురైనచో నే చేతి తుపాకి మేలు?” అను ప్రశ్న పుట్టుచుండును. దీనిని పురుషులకే విడిచి యూరకుండుట తగదని మా యభిప్రాయము. అడవిలో పసివాని చేయి పట్టుకొని నడచునది తల్లియే గదా!

అచ్చట చిరకాలముగా పేరొందినది .44 మాగ్నం రివాల్వరు. ఇందు సాధారణముగా ఆఱు తూటాలు పట్టును. ఒకటి పేలకపోయినను మఱల మీట నొక్కినచో తరువాతి తూటా సిద్ధముగా నుండును. కాని పేలినపుడు చేతిని గట్టిగా వెనుకకు తన్నును. అలవాటు లేనివారికి రెండవ గుఱి కుదురుట కష్టము. రెండవది 10 మిల్లీమీటర్ల పిస్తోలు. గ్రీన్‌లాండులో ధ్రువపు ఎలుగుల నడుమ తిరుగు డెన్మార్కు సిరియస్ దళమువారు ధరించునది ఈ తరగతి గ్లాకు పిస్తోలే. ఇందు 15 తూటాలు పట్టును. తన్నుటయు కొంత తక్కువ. అయినను పట్టు సడలినచో తూటా చిక్కుకొనవచ్చును. దేనియందైనను, తగిలినంతనే విచ్చుకొను మెత్తని తూటా తగదు. ఎముకను దాటి లోతుగా దిగు గట్టి తూటా కావలయును.

ఎలుగుబంటి గంటకు 50 కిలోమీటర్లకు మించిన వేగముతో పరుగెత్తగలదు. 30 మీటర్ల దూరమున నున్నది రెండు సెకండ్లలో మీదబడును. ఆ లోపల తుపాకి తీసి, గుఱి చూచి కాల్చవలెను. కావున బలమైన తుపాకికంటె చేతికి లొంగిన తుపాకియే మేలు. అదియు సంచి యడుగున నున్నచో నిష్ప్రయోజనము.

అలాస్కాలో 1883 మొదలు 2009 వఱకు తుపాకులతో ఎలుగుల నెదుర్కొనిన 269 సంఘటనలను స్మిత్, హెరెరో మున్నగు శాస్త్రజ్ఞులు పరిశీలించి 2012లో ఫలితములు ప్రకటించిరి. చేతి తుపాకి నూటికి 84 మార్లు ఎలుగును నిలిపినది. అయినను తుపాకి వాడినవారికిని, వాడనివారికిని గాయముల విషయమున చెప్పదగిన భేదము కానరాలేదు. వారే 2008లో ప్రకటించిన పరిశీలనలో, ఎలుగులపై జల్లు కారపు స్ప్రేను వెంట నుంచుకొన్నవారిలో నూటికి 98 మంది గాయపడలేదు. మన మిరపకాయకు ఘాటు నిచ్చు పదార్థమే దాని బలము. అది మేఘమువలె వ్యాపించును గనుక సూక్ష్మమైన గుఱి యక్కఱలేదు.

చట్టమును గూడ మఱువరాదు. సందర్శకులై గాని, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాపై ఉద్యోగులై గాని అమెరికాలో నున్నవారు తుపాకిని, తూటాను ఉంచుకొనుట, వేట యనుమతి మొదలగు కొన్ని మినహాయింపులు తప్ప, నేరము. ఇట్టివారికి స్ప్రేయే శరణ్యము. దానిని విమానములో తీసికొనిపోరాదు; చేరినచోటనే కొనవలెను.

సోదరీమణులారా! ఆయుధముకంటె ముందు జాగ్రత్త. గుంపుగా, మాటలాడుచు నడువవలయును. ఆహారమును గుడారములో నుంచరాదు. యెల్లోస్టోన్‌లో ఎలుగులకు 91 మీటర్ల దూరమున నుండుట విధి. ఎదురైనను పరుగెత్తరాదు. స్ప్రే మూత తీయుట మొదట ఇంటి పెరటిలోనే ఇంటిల్లిపాదియు నేర్చుకొనుడు. బిడ్డలకు ఉత్తరము వ్రాయునపుడు ఈ సంగతి తప్పక తెలుపుడని మా మనవి.